ఆకు మనది, ఆస్పత్రీ మన హక్కే

తమ్ముడూ, చెల్లీ! ఒక రకం వీడియోలు ఈమధ్య నీ ఫోన్లో కూడా తిరుగుతూ ఉండుంటాయి. వెనక పచ్చని అడవి, డప్పు చప్పుడు. ఎవరో ఒకాయన చేతిలో ఆకు పట్టుకుని "ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని ఇన్‌ఫెక్షన్ దీంతో మూడు రోజుల్లో పోతుంది, ఇది గిరిజనుల రహస్యం" అని చెప్తుంటాడు. ఆయన మన గూడెం మనిషి కాదు. ఆ ఆకుని కోయలో ఏమంటారో, కువిలో ఏమంటారో, గోండిలో ఏమంటారో ఆయనకి తెలీదు. వీడియో చివర మాత్రం ఒక సీసా చూపించి ఫోన్ నంబరు ఇస్తాడు.

ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. మనోళ్ళు పట్నం ఆస్పత్రికి వెళ్తే, పుండు మీద పసరు మరక చూడగానే "మీరు ఇంక మారరా, ఇంకా ఈ మూఢనమ్మకాలేనా" అని మొహం మీదే అనేవాళ్ళు.

ఒకడు మన ఆకుని మహిమ అని అమ్ముకుంటాడు, ఇంకొకడు చెత్త అని పారేస్తాడు. ఇద్దరిలో ఒక్కడు కూడా మనల్ని అడగడు. ఆ ఆకు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచెయ్యదు, ఎంత వాడాలి, ఎవరికి ఇవ్వకూడదు అని మన వెజ్జుని, మన దిసారిని, మన అవ్వని కూర్చోబెట్టి అడిగినవాడు లేడు.

అందుకే ముందే సూటిగా చెప్తున్నా. మందులకు లొంగని క్రిములకి "ప్రత్యామ్నాయం మీ మూలికలే" అని ఎవరైనా పొగిడితే ఉబ్బిపోకు. ఆ పొగడ్త వెనక రెండు దొంగతనాలు ఉండొచ్చు. ఒకటి, మన జ్ఞానాన్ని మనకి వాటా ఇవ్వకుండా పట్టుకుపోవడం. రెండోది, "మీకు ఆకులున్నాయి కదా" అని మన ఆస్పత్రిని ఎగ్గొట్టడం. మనకి రెండూ కావాలి. ఆకు మీద హక్కు కావాలి, ఆస్పత్రి మీద హక్కు కావాలి. ఒకటి చూపించి ఇంకోటి లాక్కుంటానంటే ఒప్పుకునేది లేదు.

ఈ మొండి క్రిములు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

పత్తి వేసినవాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం చాలా తేలిక. బీటీ పత్తి వచ్చిన కొత్తలో పురుగు చచ్చేది. ఏళ్ళు గడిచేకొద్దీ గులాబీ పురుగు దానికి తట్టుకోవడం నేర్చుకుంది. మళ్ళీ డబ్బాలకు డబ్బాలు మందు కొట్టాల్సి వచ్చింది. యాంటీబయాటిక్‌ల కథ కూడా ఇంతే. మందు పడ్డప్పుడల్లా బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగుల్తాయి, మిగిలినవే పిల్లలు పెడతాయి. పైగా క్రిములు ఆ తట్టుకునే గుణాన్ని పక్క క్రిములకి కూడా అందించగలవు.

ఇది ఎవరికీ తెలియక జరిగింది కాదు. పెన్సిలిన్‌ని 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ తీసుకున్నప్పుడు చేసిన ప్రసంగంలోనే హెచ్చరించాడు, చాలీచాలని మోతాదుల్లో వాడితే క్రిములు మందుకి అలవాటు పడిపోతాయని. ఎవరూ వినలేదు. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది, మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా చనిపోయారు. దానితో ఏదో ఒక సంబంధం ఉన్న చావులు కలుపుకుంటే దాదాపు 49 లక్షల 50 వేలు.

మరి ఈ క్రిములని పెంచిందెవరు? అడవిలో పసరు పూసుకునేవాళ్ళా?

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఉంది. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చు వేశారు. ఆ "శుద్ధి చేసిన" నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. గోళీ మింగిన మనిషి రక్తంలో ఉండే మందు కన్నా ఇది ఎక్కువ. ఒక్క రోజులో ఆ ప్లాంటు నుంచి పోయే సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలని అంచనా కట్టారు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేంత మందు అది. ఆ నీళ్ళు పోయేది ఇస్కవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి. క్రిములకి ఇంతకన్నా మంచి బడి ఎక్కడ దొరుకుతుంది?

దీని మీద సర్కారు ఏం చేసింది? ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో పరిమితులు పెడుతూ 2020 జనవరిలో ముసాయిదా నిబంధనలు తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు.

కోళ్ళ ఫారాల సంగతి చూడు. వేరే ఏ మందూ పనిచెయ్యనప్పుడు ప్రాణం కాపాడటానికి డాక్టర్లు వాడే ఆఖరి మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్ని కోళ్ళు తొందరగా బరువు పెరగడానికి మేతలో కలిపారు. 2019లో గానీ కేంద్రం దాన్ని నిషేధించలేదు.

ఇక మన దగ్గరికి వస్తే, పీహెచ్‌సీ దూరం, ఆర్‌ఎంపీ దగ్గర. జ్వరం అంటే సూది, జలుబు అంటే అజిత్రోమైసిన్, విరేచనాలు అంటే ఇంకో రంగు గోళీ. మూడు రోజుల కోర్సుకి డబ్బుల్లేకపోతే ఒక్క రోజుకి కొనుక్కుంటాం. తప్పు మనదని అనడం తేలిక. డాక్టర్ని పెట్టనివాడిది, పరీక్ష చేసే ల్యాబ్ పెట్టనివాడిది అసలు తప్పు. ఈ జబ్బు పట్నంలో, ఫ్యాక్టరీలో, వ్యాపారంలో పుట్టింది. చివరికి బరువు మోసేది మాత్రం డోలీలో పడుకున్న మన బాలింత.

ఆకులో నిజంగా ఏముంది?

చాలా ఉంది. మొక్క పరిగెత్తి పారిపోలేదు. క్రిమి వచ్చినా పురుగు వచ్చినా ఉన్నచోటే నిలబడి పోరాడాలి. అందుకే అది తన ఒంట్లోనే రకరకాల రసాయనాలు తయారు చేసుకుంటుంది. మన పెద్దలు ఆ రసాయనాల పేర్లు చదువుకోలేదు. ఏ చెట్టు బెరడు, ఏ నెలలో, ఏ వైపు నుంచి, ఎంత మందాన తియ్యాలో మాత్రం తరతరాలుగా చూసి నేర్చుకున్నారు.

కొడిశపాల తెలుసు కదా. నెత్తురు విరేచనాలకి దాని బెరడు ఇవ్వడం మధ్య భారత అడవుల్లో చాలాచోట్ల ఉంది. ఆ చెట్టులో కోనెసిన్ అనే పదార్థం ఉంటుంది. ఆస్పత్రుల్లో మందులకి లొంగకుండా ఏడిపించే సూడోమోనాస్ అనే క్రిమి ఒకటుంది. దాని ఒంట్లో చిన్న చిన్న పంపులుంటాయి. మందు లోపలికి రాగానే, పడవలోకి వచ్చిన నీళ్ళని తోడి పోసినట్టు బయటికి తోసేస్తుంది. కోనెసిన్ ఆ పంపులకి అడ్డుపడుతుందని, అప్పుడు పాత యాంటీబయాటిక్ మళ్ళీ పనిచేస్తుందని థాయిలాండ్ పరిశోధకులు ల్యాబ్‌లో చూపించి 2017లో ప్రచురించారు.

మానుపసుపు లాంటి మొక్కల్లో బెర్బెరిన్ అనే పచ్చని పదార్థం ఉంటుంది. అది ఒంటరిగా వెళ్తే క్రిమి పంపు దాన్ని బయటికి తోసేస్తుంది. అయితే బెర్బెరిన్ తయారుచేసే మొక్కలు కొన్ని ఆ పంపుకి అడ్డం పెట్టే ఇంకో పదార్థాన్ని కూడా తామే తయారుచేసుకుంటాయని అమెరికా పరిశోధకులు 2000లో కనిపెట్టారు. అంటే మొక్క కత్తిని, డాలుని విరగ్గొట్టే సుత్తిని రెండింటినీ కలిపి ఇస్తోంది. కంపెనీవాడు ఒక్క పదార్థాన్నే విడదీసి మాత్రలో పెడితే ఆ సుత్తి పోతుంది. "పూర్తి బెరడే వాడాలి, దీనితో పాటు అది కూడా కలపాలి" అని అవ్వ పట్టుబట్టడంలో అర్థం ఉండొచ్చని ఇప్పుడు చెప్తున్నారు.

ఇంగ్లాండ్‌లో కూడా ఇలాంటిదే జరిగింది. వెయ్యేళ్ళ నాటి వాళ్ళ వైద్య పుస్తకంలో కంటి కురుపుకి ఒక మందు ఉంది. వెల్లుల్లి, ఉల్లి జాతి దుంప, ద్రాక్షసారా, ఆవు పైత్యరసం కలిపి తొమ్మిది రోజులు ఉంచాలి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో దాన్ని అచ్చంగా అలాగే తయారుచేసి చూస్తే, మందులకి లొంగని స్టెఫిలోకాకస్ క్రిమిని ల్యాబ్‌లో చంపింది. ఏ ఒక్క దినుసు తీసేసినా ఆ బలం రాలేదని తర్వాతి పరిశోధనలో తేలింది. వాళ్ళ పాత పుస్తకానికి దక్కిన ఆ మర్యాద మన అవ్వ మాటకి ఎందుకు దక్కదు? పుస్తకంలో లేదనా?

తేనె సంగతి ఇంకా బాగా తేలింది. నల్లమల చెంచులు తాళ్ళు కట్టుకుని కొండ అంచుల్లోంచి తీసే తేనె. తేనె గాయంలోని నీటిని లాగేస్తుంది, పుల్లగా ఉండి క్రిమిని పెరగనివ్వదు, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని కొద్దికొద్దిగా వదుల్తుంది. మరీ లోతు లేని కాలిన గాయాలు మామూలు కట్లతో కన్నా తేనె కట్టుతో త్వరగా మానతాయని అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు చెప్పారు. పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పుడు శుద్ధి చేసిన వైద్య తేనె పూసిన కట్లు వాడుతున్నారు. ఒక జాగ్రత్త: అది క్రిమి బీజాలు లేకుండా శుద్ధి చేసిన తేనె, తుట్టెలోంచి నేరుగా తీసింది కాదు. ఏడాది నిండని బిడ్డకి మాత్రం ఏ తేనె అయినా నాలిక మీద కూడా పెట్టొద్దు.

ఇప్పుడు చేదు మాట

ఇక్కడి దాకా చదివి ఛాతీ పొంగించుకున్నావు కదా. ఇప్పుడు చెప్పేది కూడా అంతే శ్రద్ధగా విను. రీల్స్ చేసేవాడు చెప్పనిది ఇదే.

గాజు పళ్ళెంలో క్రిమి చావడం వేరు, మనిషి ఒంట్లో చావడం వేరు. పళ్ళెంలో అయితే బ్లీచింగ్ పౌడరు కూడా క్రిమిని చంపుతుంది. తాగితే ముందు మనిషి పోతాడు. ఆకు రసం కడుపులోకి వెళ్ళి, అరిగి, రక్తంలోకి చేరి, క్రిమిని చంపేంత మోతాదులో అక్కడ నిలబడాలి, కిడ్నీని, లివర్ని పాడు చెయ్యకూడదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కి, ఊపిరితిత్తుల్లో నిమ్ముకి, మెదడువాపుకి యాంటీబయాటిక్ బదులు ఇవ్వగలిగిన మూలిక ఈ రోజుకి ఒక్కటి కూడా లేదు. కొడిశపాల మీద, మానుపసుపు మీద నేను పైన చెప్పినవన్నీ ల్యాబ్ ఫలితాలే.

క్షయ విషయంలో అయితే అసలు ఆటలాడొద్దు. మందు మధ్యలో మానేసి ఆకు పట్టుకుంటే, లొంగే క్షయ కాస్తా లొంగని క్షయ అవుతుంది. అది ఇంట్లో పిల్లలకి అంటుకుంటుంది. క్షయ మందులు ఉచితం. పౌష్టికాహారానికి నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. అది పడకపోతే నిలదీయాల్సింది ఆఫీసుని, మానెయ్యాల్సింది మందుని కాదు.

అడవిలో దొరికిందల్లా మంచిదే అనే మాట కూడా అబద్ధం. ముష్టి గింజ విషమని మనకెవరూ చెప్పక్కర్లేదు. ఈశ్వరి వేరు సంగతి చాలామందికి తెలీదు. పాముకాటుకి, జ్వరానికి చాలాచోట్ల ఇస్తారు. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉంటుంది. అది కిడ్నీలని నాశనం చేస్తుందని, మూత్రనాళాల క్యాన్సర్ తెస్తుందని ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం. 1990లలో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఆ జాతి మొక్క కలిసి, ఎందరో ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి. ఇలాంటివి తెలిశాక కూడా "మన తాత ఇచ్చాడు" అని పట్టుకు వేలాడటం తాతకి గౌరవం కాదు. మన తాతలు ఏది పనిచేస్తుందో, ఏది చంపుతుందో చూసి చూసి మార్చుకుంటూ వచ్చారు కాబట్టే ఈ జ్ఞానం పుట్టింది.

మరి ఆకు ఎక్కడ నిలబడుతుంది? అవసరం లేని యాంటీబయాటిక్‌ని ఆపే చోట. చిన్న గాయం, గజ్జి కురుపు మొదలు, జలుబు, దగ్గు, మామూలు వైరల్ జ్వరం. వీటిలో చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. జలుబుకి, వైరల్ జ్వరానికి అది ఎలాగూ పనిచెయ్యదు. అక్కడ వేడినీళ్ళు, వావిలాకు ఆవిరి, పసుపు, విశ్రాంతి చాలు. పిల్లలకి నీళ్ళ విరేచనాలైతే ప్రాణం నిలబెట్టేది ఓఆర్‌ఎస్, జింక్. ఇలా ఆపిన ప్రతి అనవసరపు గోళీ, రేపు నిజంగా అవసరమైన బిడ్డకి మందు పనిచెయ్యడానికి మిగుల్తుంది. మొండి క్రిముల మీద పోరులో మన నాటు వైద్యం ఇవాళే చెయ్యగలిగిన అతి పెద్ద పని ఇది. దీన్ని గుర్తించి మన వైద్యులకి శిక్షణ ఇచ్చి, ఆశా కార్యకర్తతో, ఏఎన్‌ఎంతో కలిపి నడిపే ప్రభుత్వం కావాలి మనకి.

అడవి ఇచ్చింది, మరి అడవికి ఏమొచ్చింది?

మొండి స్టెఫిలోకాకస్‌కి ఇవాళ్టికీ డాక్టర్లు ఆధారపడే మందు వ్యాంకోమైసిన్. అది ఎక్కణ్ణుంచి వచ్చింది? 1950లలో బోర్నియో దీవి లోపలి అడవుల్లోంచి ఒక మిషనరీ పంపిన పిడికెడు మట్టిలోంచి. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి అమెరికా కంపెనీ ఎలై లిల్లీ మందు తీసింది. 1958 నుంచి అమ్మకంలో ఉంది. బోర్నియో లోపలి అడవులు దయాక్ ప్రజలవి. ఎరిత్రోమైసిన్ కూడా అంతే. ఫిలిప్పీన్స్ డాక్టరు అబెలార్డో అగిలార్ 1949లో ఇలోయిలో నుంచి అదే కంపెనీకి పంపిన మట్టిలో దొరికింది. రాయల్టీ కోసం ఆయన బతికినంత కాలం అడిగాడు, దక్కలేదు. అంటే యాంటీబయాటిక్‌లని "ఇంగ్లీషు మందులు" అంటున్నాం గానీ, వాటిలో కొన్నిటి పుట్టుక మనలాంటి వాళ్ళ నేలలోనే.

మలేరియా మన ఏజెన్సీ జబ్బు కదా. దానికి మొదటి మందు క్వినైన్ దక్షిణ అమెరికా ఆండీస్ కొండల సింకోనా బెరడులోంచి వచ్చింది. ఆ విత్తనాలు తెచ్చి డచ్‌వాళ్ళు జావాలో, ఇంగ్లీషువాళ్ళు నీలగిరుల్లో, డార్జిలింగ్‌లో తోటలు వేసుకున్నారు. వలస రాజ్యాల సైన్యాలు ఆ బెరడు బలంతోనే అడవుల్లోకి రాగలిగాయి.

చైనా కథ వేరు. అక్కడ తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం 2,000కి పైగా పాత చిట్కాలు వెతికింది. నాలుగో శతాబ్దపు పుస్తకంలో ఒక మొక్కని చల్లనీళ్ళలో నానబెట్టి పిండి తాగమని ఉంది. మరిగిస్తే గుణం పోతోందని ఆమెకి అక్కడే తట్టింది. తక్కువ వేడిలో రసం తీసింది. మనుషుల మీద పరీక్షించేటప్పుడు ముందు తనే తాగింది. అలా ఆర్టిమిసినిన్ పుట్టింది, 2015లో ఆమెకి నోబెల్ వచ్చింది. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. ఆ మొక్క ఆకుల టీ, ఆకుపొడి మలేరియాకి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎందుకంటే అందులో మందు మోతాదు చాలదు. చాలని మోతాదు వాడితే పరాన్నజీవి మొండిదవుతుంది. మూలికని గౌరవించడం అంటే దాన్ని సరిగ్గా పరీక్షించడమే.

మన దేశంలో కాణి ఆదివాసుల సంగతి చూద్దాం. 1987లో కేరళ అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలు అలిసిపోతుంటే, దారి చూపే కాణి యువకులు మాత్రం ఏదో కాయ నములుతూ చకచకా నడుస్తున్నారు. అదే ఆరోగ్యపచ్చ. దాన్నుంచి "జీవని" అనే బలం మందు తయారై, 1990ల మధ్యలో ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకి, 2 శాతం రాయల్టీకి లైసెన్సు ఇచ్చారు. అందులో సగం కాణీలకి. ప్రపంచమంతా దాన్ని ఆదర్శం అని చెప్పుకుంది. తర్వాత? ఆ మొక్కని పెంచుకుని అమ్ముకుందామంటే అటవీ శాఖే కాణీలకి అడ్డుపడింది. జ్ఞానం కాణీలది, అడవి కాణీలది, తాళంచెవి మాత్రం ఫారెస్టు వాళ్ళ దగ్గర. ఆదర్శం అని చెప్పుకున్న కథలోనే ఇలా ఉంటే, మిగతావి ఊహించుకో.

చట్టం మన చేతిలో ఏం పెట్టింది, ఏం తీసేసుకుంది?

అటవీ హక్కుల చట్టం 2006 అంటే పోడు పట్టా ఒక్కటే అనుకుంటున్నాం. సెక్షన్ 3(1) తెరిచి చూడు. (సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఇస్తుంది. (కె) ఇంకా ముఖ్యం. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సమాజానికి సామూహిక హక్కు అని రాసి ఉంది. 1996 పెసా చట్టం కూడా అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభదే అంటుంది. సామూహిక హక్కుల దరఖాస్తుల్లో ఈ (కె) క్లాజుని నీ ఊరు రాసిందా? అడిగి చూడు.

2002 జీవవైవిధ్య చట్టం, మన వనరులతో, జ్ఞానంతో లాభం చేసుకునేవాళ్ళు వాటా ఇవ్వాలి అంది. దేశీ కంపెనీలు "మాకు వర్తించదు" అని వాదించాయి. 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో, దేశీ కంపెనీ అయినా వాటా ఇవ్వాల్సిందే అని తేల్చింది. మనకి గెలుపే. ఐదేళ్ళు తిరక్కుండానే, 2023లో చట్టాన్నే సవరించారు. "గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానం" వాడేవాళ్ళకి, సాగుచేసిన ఔషధ మొక్కలు వాడేవాళ్ళకి మినహాయింపులొచ్చాయి. జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు.

ఇందులో మెలిక ఏంటో చూడు. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చినప్పుడు మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఎలా గెలిచింది? పాత సంస్కృత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం చూపించి. పుస్తకం ఉంది కాబట్టి గెలిచాం. 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ కూడా అలాంటి గ్రంథాల మీదే కట్టారు. మన జ్ఞానం నోటి మాట. పుస్తకంలో లేదు కాబట్టి బయటివాడు పేటెంట్ తీసుకుంటే అడ్డుకోవడానికి ఆధారం దొరకదు. అదే మొక్క ఏ గ్రంథంలోనైనా ఉంటే "ఇది గ్రంథస్థం, మీకు వాటా అక్కర్లేదు" అంటారు. రెండు వైపులా మనకే కోత.

"మీకు ఆకులున్నాయి కదా"

ఈ మాట ఏ జీవోలో రాయరు. పనిలో మాత్రం కనిపిస్తుంది. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకి ఒక ఉపకేంద్రం, 20,000 జనాభాకి ఒక పీహెచ్‌సీ ఉండాలని ప్రభుత్వ నిబంధనే చెప్తుంది. నీ మండలం జనాభా తీసుకుని నువ్వే లెక్క వేసుకో. భవనం ఉందా, డాక్టరు ఉన్నాడా, రాత్రి ఉంటాడా, దారి ఉందా.

మొండి క్రిమిని పట్టుకోవాలంటే కల్చర్ పరీక్ష కావాలి. రక్తమో, మూత్రమో, చీమో తీసి, అందులో ఏ క్రిమి ఉందో, ఏ మందుకి చస్తుందో ల్యాబ్‌లో చూడాలి. రెండు మూడు రోజులు పడుతుంది. మన పీహెచ్‌సీల్లో ఆ సౌకర్యం ఉండదు. అందుకే డాక్టరు కూడా చీకట్లో రాయి వేసినట్టు పెద్ద మందే రాస్తాడు. అది ఇంకా మొండి క్రిమిని పుట్టిస్తుంది. ఆకుల గొప్పతనం గురించి ఉత్సవాల్లో ఉపన్యాసాలు చెప్పే నాయకుడిని అడుగు: ఐటీడీఏకి ఒక కల్చర్ ల్యాబ్ ఎప్పుడు పెడతావు? ఆయన పిల్లలకి జబ్బు చేస్తే ఆకు దగ్గరికి పోడు, కార్పొరేట్ ఆస్పత్రికి పోతాడు.

ఇంకొకటి. మూలికలకి గిరాకీ పెరిగితే అడవి బతుకుతుంది అంటారు. అబద్ధం. మారేడు గడ్డలు, సర్పగంధి లాంటివి వేరుతో సహా పీకాల్సినవి. గిరాకీ పెరిగితే దళారి వస్తాడు, కిలోకి ఇంత అంటాడు, రెండేళ్ళలో కొండ ఖాళీ. సర్పగంధిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో పెట్టాల్సి వచ్చింది. ఇప్పటికే గనుల కోసం, నీలగిరి తోటల కోసం అడవి పోతోంది. కొడిశపాల చెట్టు పోయాక కోనెసిన్ మీద ఎన్ని పరిశోధనలు రాసుకుంటే ఏం లాభం?

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది

ఒకటి. నీ ఊరి వైద్యుడి దగ్గర, అవ్వ దగ్గర కూర్చో. మొక్క పేరు నీ భాషలో రాయి, ఎప్పుడు ఇస్తారో, ఎవరికి ఇవ్వకూడదో రాయి. ఫోన్లో వీడియో తీసి పబ్లిక్‌గా పెట్టకు. తయారీ వివరం గ్రామసభ దగ్గరే ఉండాలి.

రెండు. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందో లేదో, రిజిస్టరు రాశారో లేదో అడుగు. రాస్తుంటే గ్రామసభ తీర్మానం లేకుండా జ్ఞానం వివరాలు అందులోకి ఎక్కనివ్వకు. విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకులు వచ్చినా అంతే. ముందు తీర్మానం, రాతపూర్వక ఒప్పందం, తర్వాతే ఆకు.

మూడు. సామూహిక హక్కుల దరఖాస్తులో 3(1)(కె) రాయించు.

నాలుగు. మందు అట్ట మీద ఎర్ర గీత చూడు. ఆ గీత ఉంటే డాక్టరు రాయకుండా కొనొద్దు, రాస్తే మధ్యలో ఆపొద్దు. ఆర్‌ఎంపీ సూది తీస్తే "ఇది ఏ మందు, ఎందుకు" అని అడుగు.

ఐదు. పసిబిడ్డ పాలు తాగకపోయినా, ఎగశ్వాస వచ్చినా, పక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, బాలింతకి జ్వరం వచ్చినా, పాము కరిచినా ఒక్క గంట కూడా పసరు దగ్గర ఆగొద్దు. నేరుగా ఆస్పత్రికి తీసుకుపో. దారి లేకపోతే డోలీ కట్టు. తర్వాత ఆ దారి కోసం ఐటీడీఏ ముందు కూర్చో.

ఆరు. వైద్యం, ఫార్మసీ, మైక్రోబయాలజీ, వృక్షశాస్త్రం చదివే మన పిల్లలకి ఒక మాట. కొడిశపాల మీద పరిశోధన పత్రం మీద మొదటి పేరు మన పిల్లది ఎందుకు కాకూడదు? అవ్వ మాట, ల్యాబ్ భాష రెండూ వచ్చినవాళ్ళు ఈ దేశంలో మీరే.

మద్దతుగా నిలబడే మిత్రులకి కూడా ఒక విన్నపం. మా మూలికల ఫొటోలు పెట్టి "ఆదివాసీ జ్ఞానం అద్భుతం" అని రాయకండి. పటాన్‌చెరు నీళ్ళ గురించి రాయండి, 2021లో మాయమైన పరిమితుల గురించి అడగండి, 2023 సవరణని ప్రశ్నించండి. మీ ఇంట్లో జలుబుకి అజిత్రోమైసిన్ కొనడం ఆపండి. ఆ పని మాకు ఎంత మేలో చెప్పలేం.

అడవి నుంచి ప్రపంచానికి మందు వెళ్ళిన దారిలోనే, ప్రపంచం నుంచి అడవికి మొండి క్రిమి తిరిగి వచ్చింది. ఇచ్చిందానికి లెక్క అడుగుదాం. తెచ్చిపెట్టినదానికి జవాబు అడుగుదాం. మన ఆకు మన గ్రామసభ చేతిలో ఉండాలి, మన పీహెచ్‌సీలో రాత్రిపూట కూడా దీపం వెలగాలి. ఈ రెండింటిలో దేన్నీ వదులుకునేది లేదు.

జోహార్!